నలుగురికీ చెబుతూ కూర్చుంటే నా చదువేమవుతుంది?

రాజోలు దగ్గర పల్లెటూళ్లో ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్న అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. వీధిలో నలుగురు స్నేహితురాళ్లు సాయంత్రాలు ఒకళ్లింటి అరుగు మీద కలిసి చదువుకుంటారట. డౌట్లన్నీ ఈ అమ్మాయి దగ్గరికే వస్తాయి. రాత్రి పదకొండు దాటినా ఫోన్‌కి లెక్కల ఫొటోలు వస్తూనే ఉంటాయి. "ఊళ్లోవాళ్లందరికీ చెప్పుకుంటూ కూచో, నీ పుస్తకం ఎప్పుడు తీస్తావ్?" అని వాళ్లమ్మగారి కేకలు. చెప్పనంటే పొగరంటారని భయం. చివర్లో ఒక డౌటు కూడా తగిలించింది. పడవ ఏరు దాటే లెక్కలో ఒకసారి పడవని నేరుగా పెడతాం, ఇంకోసారి వాలుగా పెడతాం. "నాకు ఆన్సర్ వస్తుంది మేడం, ఎందుకలా అని మా ఫ్రెండ్ అడిగితే మాత్రం చెప్పలేకపోయాను" అంది.

నేను కోనసీమలోనే పుట్టి, ఇక్కడే జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. పిల్లల్ని నువ్వనే అలవాటు, ఏమీ అనుకోకమ్మా.

నా జవాబు: చెప్పు, మానకు. చేసిపెట్టడం మాత్రం ఇవాళే మానెయ్.

చెప్పడమంటే అవతలి అమ్మాయి ఎక్కడ ఆగిపోయిందో కనుక్కుని, అక్కణ్నుంచి ఒక్క అడుగు వేయించడం. చేసిపెట్టడమంటే నీ నోట్సు పేజీ ఫొటో తీసి పంపెయ్యడం. మొదటిదానికి పది నిమిషాలు పడుతుంది, రెండోదానికి పది సెకన్లు. అందుకే ఒళ్లలిసినప్పుడు ఎవరమైనా రెండోదే చేస్తాం, పైగా సాయం చేశామనుకుంటాం. ఆ పిల్ల నీ పేజీ చూసి "ఓస్, ఇంతేనా" అనుకుని పడుకుంటుంది. వారం తిరిగాక స్లిప్ టెస్టులో అదే లెక్క అంకెలు మార్చి ఇస్తే పెన్ను కదలదు. నీకూ అందులో ఒరిగిందేమీ లేదు, నిద్ర పాడవడం తప్ప.

నిజంగా చెప్పినప్పుడు లాభపడేది ఎవరో నీ ప్రశ్నలోనే ఉంది. ఆన్సర్ వస్తుంది, ఎందుకో చెప్పలేను అన్నావు చూడు, మంచి మార్కులొచ్చే పిల్లల్లో చాలామందిది అదే పరిస్థితి. అడిగేవాళ్లు లేక బయటపడదంతే. నీ స్నేహితురాలు అడగబట్టి అరుగు మీదే బయటపడింది.

నా సంగతి చెబుతాను. ఇంటర్‌లో నా ఫిజిక్స్ నోట్సు ఎవరికీ ఇచ్చేదాన్ని కాదు. బ్రౌన్ పేపర్ అట్ట వేసి ట్రంకుపెట్టెలో దాచుకునేదాన్ని. మార్కులు బాగానే వచ్చాయి. బీఎస్సీ ప్రాక్టికల్స్ వైవాలో బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు సరళ హరాత్మక చలనం సమీకరణం రాయమన్నారు. గడగడా రాశాను. "ఇక్కడ మైనస్ ఎందుకమ్మా?" అన్నారు. అంతే. స్థానభ్రంశం ఒక దిక్కున ఉంటే బలం వెనక్కి లాగుతుందనే చిన్న మాట నా నోట రాలేదు. నాలుగు పేజీల డెరివేషన్ రాయగలదాన్ని ఒక్క గీత దగ్గర నిలబడిపోయాను. రెండేళ్లలో ఒక్కళ్లయినా నన్ను ఆ ప్రశ్న అడిగి ఉంటే బాగుండేది. అడగనివ్వనిది నేనే కదా మరి.

ఇక ఎలా చెప్పాలో చూద్దాం. ఇవన్నీ నేను కనిపెట్టినవి కావు, ఏళ్ల తరబడి మా పిల్లలు చేస్తుంటే చూసి ఏరుకున్నవి.

ప్రశ్న ఫొటో వస్తే జవాబివ్వకు, రఫ్ పేజీ ఫొటో అడుగు. మా దగ్గర ఒక బ్యాచ్ పిల్లలు ఈ నియమం పెట్టుకున్నారు. డౌటు పంపేవాళ్లు తాము ఎంతవరకు చేశారో ఆ పేజీ కూడా పంపాలి, తప్పయినా సరే. మొదటి వారం అందరికీ కోపాలు వచ్చాయి. రెండో వారానికల్లా డౌట్లు సగానికి పైగా తగ్గిపోయాయి. ఎందుకంటే రఫ్ రాయడం మొదలుపెడితే చాలా డౌట్లు రాస్తూండగానే తీరిపోతాయి. నీకు పొగరనే మాట కూడా రాదు. "చెప్పను" అనడం లేదు కదా, "ఎక్కడిదాకా వచ్చిందే, చూపించు" అంటున్నావు.

ఒక్క మెట్టు చెప్పి ఆగు. "ఇక్కడ ఉష్ణోగ్రత కెల్విన్‌లోకి మార్చావా?" అని అడిగి ఊరుకో. మిగతాది తనే చేసుకుంటుంది. ఆ ఆగడమే కష్టం. నాకు ఇప్పటికీ కష్టమే, సుద్దముక్క చేతిలో ఉంటే పూర్తిగా చేసేయాలనిపిస్తుంది.

మర్నాడు పుస్తకం మూసి చేయించు. ఇవాళ అర్థమైందన్న మాట నమ్మకు. అంకెలు మార్చి ఇంకో లెక్క ఇవ్వు. రెండు నిమిషాల పని.

టైము విషయంలో మాత్రం మీ అమ్మగారి పక్షమే నేను. సాయంత్రం రెండు గంటలు కూర్చుంటే అందులో చెప్పడానికి అరగంట, అదీ చివరి అరగంట. మొదటి గంటన్నర ఎవరి పని వాళ్లది, నోళ్లు మూసుకుని. రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ మీ అమ్మగారి దగ్గరే పెట్టు. "మా అమ్మ తీసేసుకుంది" అంటే ఎవరూ నిన్ను తప్పుపట్టరు, ఆ నింద మోయడానికి అమ్మలు సిద్ధంగానే ఉంటారు. నలుగురు చాలు, ఐదోవాళ్లని చేర్చుకోవద్దు, కబుర్లు మొదలవుతాయి. ఇంకో మాట: ప్రాక్టికల్ రికార్డులు రాసిపెట్టడం, బొమ్మలు వేసిపెట్టడం చదువు సాయంలోకి రావు. నీ చేతిరాత బాగుంటుందని నాలుగు రికార్డులు నీ బల్ల మీదికి చేరతాయి జాగ్రత్త.

మీ అమ్మగారి భయం ఉత్తదేం కాదు. కొన్నేళ్ల కిందట నా క్లాసులో ఒక అమ్మాయి ఉండేది, లెక్కల్లో దిట్ట. అందరికీ తనే చెప్పేది. కెమిస్ట్రీలో మాత్రం ఆర్గానిక్ అంటే దానికి వణుకు. అడుగుదామంటే ఆ గుంపులో తనకన్నా తెలిసినవాళ్లు లేరు, లెక్చరర్‌ని అడగాలంటే మొహమాటం, ఎందుకంటే తను "అన్నీ వచ్చిన పిల్ల". ఫిబ్రవరి దాకా దాచింది. లెక్కల్లో వచ్చిన మార్కులు కెమిస్ట్రీ తినేసింది. కాబట్టి నువ్వు ఎంతమందికి చెప్పావన్నది పక్కన పెట్టి, ఈ వారంలో నువ్వు ఎవరినైనా ఒక్క డౌటు అడిగావా లేదా అన్నది చూసుకో. అడగకపోతే మీ గుంపులో ఏదో తేడా ఉంది.

నీకు తెలియనిది వాళ్లకి తెలుసు, అదెక్కడుందో వెతకాలి. మా దగ్గర ఒకబ్బాయి ఉండేవాడు, వాళ్ల నాన్నగారిది రొయ్యల చెరువు. వెనక బెంచీ, టెస్టుల్లో అంతంతమాత్రం. సమతాస్థితి పాఠం వచ్చింది, లీ షాట్లియే నియమం: సమతాస్థితిలో ఉన్న చర్యలో ఏదైనా మారిస్తే, ఆ మార్పుని తగ్గించే వైపుకి చర్య జరుగుతుందని. పుస్తకంలో ఉదాహరణలు ఎవరికీ బుర్రకెక్కడం లేదు. వీడు లేచి "మా చెరువులో మధ్యాహ్నం అమ్మోనియా ఎక్కువ ఇబ్బంది పెడుతుందండి, అదేనా ఇది?" అన్నాడు. సరిగ్గా అదే! ఎండ ఉన్నంతసేపూ నీటిలో నాచు కార్బన్ డయాక్సైడ్‌ని లాగేసుకుంటుంది, పీహెచ్ పెరుగుతుంది. అంటే నీటిలో హైడ్రోజన్ అయాన్లు తగ్గాయన్నమాట. తగ్గినవాటిని భర్తీ చేయడానికి అమ్మోనియం అయాన్ విడిపోయి హైడ్రోజన్ అయాన్‌ని వదులుతుంది, దాంతోపాటు అమ్మోనియా తయారవుతుంది. రొయ్యకి విషం అమ్మోనియం కన్నా ఈ అమ్మోనియానే. తెల్లవారుజామున ఇది తిరగబడుతుంది. రాత్రంతా కార్బన్ డయాక్సైడ్ చేరి పీహెచ్ దిగుతుంది, అమ్మోనియా బాధ తగ్గుతుంది, కానీ ఆక్సిజన్ అడుగంటి ఉంటుంది, అందుకే ఆ వేళకి నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు హోరెత్తిపోతుంటాయి. ఆ రోజు క్లాసంతా వాడే చెప్పాడు. కెమిస్ట్రీ సారు ఆ కథంతా నాకు స్టాఫ్‌రూమ్‌లో మురిసిపోతూ చెప్పారు. తర్వాత ఆ కుర్రాడు డౌట్లు అడగడానికి సిగ్గుపడటం మానేశాడు, ఎందుకంటే తను కూడా ఒకటి ఇచ్చాడు కదా.

ఏరేటర్ మాటొచ్చింది కాబట్టి ఇంకోటి. మీ నలుగురిలో టెన్త్ దాకా తెలుగు మీడియం చదివినవాళ్లుంటే వాళ్లతో తెలుగులోనే మాట్లాడు, రాసేటప్పుడు ఇంగ్లీషులో రాయండి. ఒక చిన్న నోట్సులో జంటలుగా రాసుకోండి: స్పీడ్ వడి, వెలాసిటీ వేగం, యాక్సిలరేషన్ త్వరణం, మొమెంటం ద్రవ్యవేగం. ఎనర్జీ శక్తి, పవర్ సామర్థ్యం. ఈ చివరి రెండే అందర్నీ తికమక పెడతాయి, ఇంట్లో "పవర్ పోయింది" అంటాం కదా. రెండు హెచ్‌పీ ఏరేటర్‌ని తీసుకో. ఒక హెచ్‌పీ 746 వాట్లు, రెండు 1492, అంటే సుమారు ఒకటిన్నర కిలోవాట్లు. ఇది సామర్థ్యం. పూర్తి లోడు మీద అది పది గంటలు తిరిగితే, మోటారులో పోయే నష్టం వదిలేస్తే, సుమారు పదిహేను యూనిట్లు. అది శక్తి. బిల్లు కట్టేది శక్తికి. రొయ్యల రైతు ఇంట్లో పిల్లలు ఇది మళ్లీ మర్చిపోరు.

కలిసి చదవడంలో ఒక ప్రమాదం ఉంది, దాని గురించి పిల్లలకి ఎవరూ చెప్పరు. జ్ఞానం కన్నా తప్పు తొందరగా పాకుతుంది. ఒక హాఫ్ ఇయర్లీ అప్పుడు మా లెక్కల మాస్టారు ఏడు పేపర్లు స్టాఫ్‌రూమ్ బల్ల మీద వరసగా పరిచారు. ఏడింటిలోనూ ఒకే తప్పు. ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఎ స్క్వేర్ హారంలో ఉన్న ఇంటిగ్రల్‌కి "ఒకటి బై ఎ" ముందుండి, ఆ తర్వాత టాన్ ఇన్వర్స్ ఎక్స్ బై ఎ రావాలి. ఏడుగురూ ముందున్న ఒకటి బై ఎ మింగేశారు. కాపీ అనుకుందామంటే వేర్వేరు గదుల్లో కూర్చున్నారు. పిలిచి అడిగితే తేలింది, ఒక తెలివైన కుర్రాడు రాసిన ఫార్ములా షీటు ఫోన్లలో తిరిగింది. సైన్ ఇన్వర్స్ ఫార్ములాకి ముందు ఏమీ ఉండదు, దీనికీ ఉండదనుకుని వాడు రాసేశాడు. వాడు తెలివైనవాడు కాబట్టి మిగతా ఆరుగురూ పుస్తకం తెరిచి చూడలేదు.

ఇలాంటిది పట్టుకోవడానికి ఫిజిక్స్ వాళ్ల చిట్కా ఒకటుంది. ఎక్స్, ఎ రెండూ మీటర్లనుకో. హారంలో మీటర్ స్క్వేర్ ఉంది, పక్కన డీఎక్స్ ఒక మీటరు. కొట్టేస్తే మీటరు ఒకటి హారంలో మిగలాలి. టాన్ ఇన్వర్స్ అంటే కోణం, దానికి పొడవుతో పనే లేదు. మరి ఆ హారంలో మీటరు జవాబులో ఎక్కడుంది? ముందున్న ఒకటి బై ఎలో. సైన్ ఇన్వర్స్ దాంట్లోనేమో హారానికి వర్గమూలం ఉంది, కాబట్టి మీటరూ మీటరూ చెల్లిపోతాయి, ముందు ఏమీ అక్కర్లేదు. ఒక్కసారి ఇలా చూసినవాళ్లు ఆ రెండింటినీ కలిపేయరు. అందుకని మీ గుంపులో ఫార్ములా షీటు ఎవరు పంపినా పక్కన టెక్స్ట్‌బుక్ పేజీ నంబరు వేయాలని చెప్పు.

ఎంట్రన్స్ షార్ట్‌కట్ల ఫొటోలూ అలాంటివే. ఏపీ ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, ప్రశ్నకి నిమిషం మీద ఏడెనిమిది సెకన్లు. నెగెటివ్ మార్కులు లేవు. అక్కడ షార్ట్‌కట్ పనికొస్తుంది, తెలియనిదానికి కూడా ఒకటి పెట్టి రావచ్చు. జేఈఈ మెయిన్‌లో తప్పుకి ఒక మార్కు కోత, అక్కడ అదే అలవాటు ముంచుతుంది. ఇంటర్ పబ్లిక్‌లో మెట్లకి మార్కులు, ఆన్సర్ ఒక్కటే రాస్తే దిద్దేవాళ్లం ఏం వెయ్యాలో తెలియక తల పట్టుకుంటాం. మీలో ఎవరు దేనికి చదువుతున్నారో చూసుకోకుండా షార్ట్‌కట్ పంచకండి.

సబ్జెక్టుల వారీగా ఎక్కువ చెప్పను. లెక్కలు ఎవరికి వాళ్లు చేసి, తర్వాత పేపర్లు మార్చుకుని దిద్దుకోండి. పక్కవాళ్లు చేస్తుంటే చూడటం ఈతకి ఒడ్డున కూర్చోవడం లాంటిది. కెమిస్ట్రీ మాత్రం నలుగురూ కలిస్తేనే బాగుంటుంది, ఒకళ్లు రియాక్షన్ పేరు చెబితే ఇంకొకళ్లు నోటితో ఒప్పజెప్పడం. సంస్కృతం ఎవరి ఇంట్లో వాళ్లు చదువుకోండి.

సంక్రాంతి గురించి కూడా. జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్తూ సంచిలో పుస్తకం పెట్టుకెళ్లిన పిల్లల్ని చూశాను, అది ఎవరూ తెరవలేదు. ఆ మూడు నాలుగు రోజులు చదవం అని ముందే ఒప్పేసుకుని హాయిగా తిరగండి. అవి దాటాక ప్రాక్టికల్స్, వెంటనే పబ్లిక్. అప్పటి నుంచి గుంపు చదువు రోజు విడిచి రోజు చాలు. పరీక్ష ముందు రోజు అసలు వద్దు, ఒకళ్ల టెన్షన్ నలుగురికీ అంటుకుంటుంది. "ఆ చాప్టర్ చదివావా? నేను చదవలేదే!" అని ఒకళ్లు అంటే చాలు, ఆ రాత్రి ఇక నిద్ర ఉండదు.

ఇప్పుడు నీ పడవ. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి గోదావరి దాటించే పంటు, అదే పెద్ద పడవ, ఎక్కే ఉంటావు. ఈసారి ఎక్కినప్పుడు ఫోన్ లోపల పెట్టి, పంటు నడిపే సరంగునే చూడు. ఎదురుగా ఉన్న రేవుకే పోవాలి, కానీ పంటు ముక్కు ఎప్పుడూ సరిగ్గా ఆ రేవు వైపే ఉండదు, కొంచెం పక్కకి తిప్పి పట్టుకుంటాడు. సముద్రం దగ్గర కాబట్టి అక్కడ వశిష్ఠ గోదావరి పాయకి ఆటుపోట్లు ఉన్నాయి. నీళ్లు సముద్రంలోకి లాగుతుంటే ముక్కు ఎగువకి, పోటు మీద ఉంటే దిగువకి. నీళ్లు ఎటు తోస్తాయో దానికి ఎదురు.

అంకెలు వేసుకుందాం, లెక్క తేలిగ్గా ఉండేందుకు నేను కల్పించినవి. ఏరు 600 మీటర్ల వెడల్పు. నిలవ నీటిలో పడవ వేగం సెకనుకి 5 మీటర్లు, ప్రవాహం 3 మీటర్లు.

మొదటి ప్రశ్న: తొందరగా అవతలి ఒడ్డు తాకాలి, ఎక్కడైనా ఫరవాలేదు. దాటాల్సింది వెడల్పు. ప్రవాహం ఒడ్డు వెంట పోతుంది, వెడల్పు వైపు అది ఒక్క అంగుళం కూడా తోయదు, ఆపదు. కాబట్టి ఉన్న 5 మీటర్లూ వెడల్పుకే ఖర్చుపెట్టు, ముక్కు నేరుగా పెట్టు. 600 బై 5, 120 సెకన్లు. ఈలోపు ప్రవాహం 360 మీటర్లు దిగువకి ఈడుస్తుంది. ఈడవనీ, మనం అడిగింది తొందర.

రెండో ప్రశ్న: సరిగ్గా ఎదురు రేవులోనే దిగాలి. అయితే ఆ 3 మీటర్ల ఈడ్పుని పడవ తన 5లోంచే చెల్లించాలి. ముక్కుని ఎగువకి తిప్పుతాం, నేరుగా ఉండే గీత నుంచి ఎంత కోణమంటే దాని సైన్ 3 బై 5, సుమారు 37 డిగ్రీలు. ఆ అప్పు తీర్చాక వెడల్పుకి మిగిలేది 25లోంచి 9 తీసేసి వర్గమూలం, 4 మీటర్లు. 600 బై 4, 150 సెకన్లు. దారి తగ్గింది, టైము పెరిగింది.

నీ తికమక ఇక్కడే ఉందనుకుంటాను. "తక్కువ దారి" అన్నా "తక్కువ టైము" అన్నా ఒకటేనని బుర్రలో ఎక్కడో అనుకుంటున్నావు. లెక్క చదవగానే ఈ రెండిట్లో ఏది అడిగాడో గీత గియ్యి, ఫార్ములా తర్వాత.

ఇది మీ ఫ్రెండ్‌కి మొత్తం చెప్పేయకు. 120 దాకా చెప్పి, రెండోది తనతో చేయించు. అది చేశాక ఇంకోటి అడుగు: ప్రవాహం 3 నుంచి 6కి పెరిగింది, పడవ మాత్రం అదే 5. ఇప్పుడు ఎదురు రేవులో దిగాలంటే ముక్కు ఎంత తిప్పాలి? సైన్ విలువ ఎంత వస్తుందో తననే వేసి చూడమను. వరద రోజుల్లో పంటు ఎందుకు ఆపేస్తారో ఆ తర్వాత మాట్లాడుకోండి. నీకే రాకపోతే నీ రఫ్ పేజీ పంపు, చూస్తాను.